తనాకా సీటులో లేడు: సటీక, సతాత్పర్యము

అవతారిక: టోక్యోలో ఒకానొక కార్యాలయము. ఫోను మ్రోగినది. అవతల వేఱు కంపెనీవారు. “తనాకా బుచో ఉన్నారా?” అని అడిగిరి. బుచో అనగా విభాగాధిపతి. అంతదాక “బుచో, బుచో” అనుచు వంగి వంగి కాగితములందించిన కొత్త గుమాస్తా ఇట్లు సెలవిచ్చుచున్నాడు.

మూలము: తనాకా వా తదయిమా సెకి ఒ హజుషితే ఒరిమాసు.

టీక: తనాకా = తనాకా అనువాడు; వా = అయితేనో; తదయిమా = ప్రస్తుతము; సెకి ఒ = ఆసనమును; హజుషితే = విడిచి (టీ కొఱకో, మఱి దేనికొఱకో, అడుగరాదు); ఒరిమాసు = ఉన్నాడు. “ఉన్నారు” అని పెద్దఱికము చేయు ‘ఇరష్షైమాసు’ వేఱుగా కలదు, దానిని ముట్టలేదు. జపాను భాషలో మర్యాదమాటలు మునుపు మూడు తెగలు. 2007లో సర్కారు సలహామండలి వానిని అయిదు చేసినది. ఒరిమాసు అందు మూడవ తెగది.

తాత్పర్యము: తనాకా సీటులో లేడు.

విశేషములు: చేపల కొట్టువానిని సైతము ‘సకనయా సాన్’ (సాన్ అనగా మన గారు వంటిది) అని పిలుచు దేశమున, బుచోగారి సాన్ ఏమాయెనని శంక. వినుడు. వారికి లోకము రెండు ముక్కలు: ఉచి, సొతో, లోపల, బయట. బయటివాని యెదుట కంపెనీ యావత్తు తన ఇల్లే, బుచో ఇంటిమనిషే. ఇంటిమనిషికి సాన్ తగిలించుట తన పేరుకు తానే తగిలించుకొన్నంత పని. ఇంట తండ్రిని ‘ఒతోసాన్’ అను కొడుకే బయటివారితో ఉత్త ‘చిచి’ అనును. “మా నాన్నగారు లేరండీ” అను మనకిది మింగుడుపడదు. మన గారు మనిషిని అంటిపెట్టుకొని యుండును; వారి సాన్ వినువారిని బట్టి వచ్చిపోవును.

పాఠాంతరము: ‘బుచో నో తనాకా’ అనియు కొందఱందురు. అదియు సాధువే. హోదా పేరు వెనుక నిలిచిన గౌరవము, ముందు నిలిచిన వట్టి ఉద్యోగవివరము. మన కచేరీలలో ఇంత పొదుపు నేను చూడలేదు.

ఇక అసలు చిక్కు. ఫోను చేసినది తనాకావారి ఇల్లాలైనచో? అతడు గుమాస్తాకు కంపెనీమనిషి, ఆమెకు సొంతమనిషి. ఆమె ముందు గుమాస్తాయే బయటివాడు. కావున అవే పెదవులతో “తనాకా బుచో” అనవలెను. ఒరిమాసును దింపి ఇరష్షైమాసును ఎక్కింపవలెను.