అధోచక్రికా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "సంఘర్షణచే క్షీణించిన అధోచక్రికలను తొలగించి నూతన చక్రికలను అమర్చవలెను." (మా షెడ్డు గోడ, తెల్ల బోర్డు, నీలి అక్షరాలు.)

టీక: సంఘర్షణచే, క్షీణించిన: ఇవి పిల్లలకూ తెలుసు, వదిలేస్తున్నాను.

అధోచక్రికలను = బుల్డోజర్ బరువంతా మోస్తూ గొలుసు మీద దొర్లే బాటమ్ రోలర్లను. ఇక్కడ ఆగాలి. అధః శబ్దానికి భాగం పరమైతే అధోభాగం. చకారం పరమైతే అధశ్చక్రిక. జీవితమంతా "బాటం రోలరు" అన్న మా మేస్త్రీకి ఏనాడూ సంధి తప్పలేదు. సంస్కృతం రాసిన ఆఫీసుకు తప్పింది.

చక్రి అంటే విష్ణువు, కుమ్మరి, పాము. మనకిక్కడ పామే కావాలి, ఎందుకంటే గొలుసు పామే. బండి రోలర్ల మీద, రోలర్లు గొలుసు మీద, గొలుసు భూమి మీద, భూమి మళ్ళీ శేషుడి మీద. తన దారి తానే పరుచుకుని, దాని మీద నడిచి, వెనక నుంచి చుట్టబెట్టి మళ్ళీ ముందు పరుచుకునే రథం ఇది. పుష్పకానికి ఈ తిప్పలు లేవు, అది ఎగిరింది. అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని మరీ వ్యాఖ్యానాలు రాశాడు కోలాచలం మల్లినాథసూరి. నాకంత నిగ్రహం లేదు.

తొలగించి = క్త్వార్థకం. ముందు పనికీ వెనక పనికీ కర్త ఒక్కడే ఉండాలి. ఆ ఒక్క "ంచి"లో మూడు రోజులున్నాయి. గ్రీజు వాల్వు వదులు చేసి గొలుసు సడలించాలి. ఒక్క చుట్టు మించి తిప్పితే లోపలి ఒత్తిడికి వాల్వు తూటాలా వస్తుంది. బ్లేడూ రిప్పరూ నేలకు నొక్కి బండిని లేపాలి, ఫ్రేము కింద దిమ్మలు పెట్టాలి. ఎండిన బురదలో బోల్టు తల వెతుక్కోవాలి. ఇంతకీ కర్త ఏడీ? మూలంలో లేడు, అధ్యాహారం చేసుకోవాలి: బండి కింద వెల్లకిలా పడుకున్న హెల్పరు.

నూతన చక్రికలను = బహువచనం. స్టోరు ఇచ్చింది ఏకవచనం. సీలు పోయి నూనె కారింది ఒకదానికే కదా అంటారు. అరిగినవాటి మధ్య కొత్తదాని వ్యాసం (వ్యాస భగవానుడు కాడు) పెద్దది. పక్కవాటి బరువూ దాని నెత్తినే పడుతుంది, దాని సీలూ త్వరగానే పోతుంది. మళ్ళీ దిమ్మలు, మళ్ళీ బురద, మళ్ళీ ఆ హెల్పరే.

తాత్పర్యం: అయిదు అడిగాం, ఒకటి వచ్చింది. తక్కిన నాలుగూ బోల్టులతో సహా పంపండి. బోర్డు మీద సంధి మేమే దిద్దుకుంటాం.