జేబుకే క్షవరం

అయిదు బ్లేళ్ళట! ఒకే మొహానికి, ఒకే గీతకి, ఒకదాని వెనక ఒకటి అయిదు. మొదటిది గీసిన చోట మిగతా నాలుగింటికీ పనేముందిరా అంటే మా మనవడు నవ్వుతాడు. "నున్నగా రావాలిగా తాతయ్యా" అంటాడు. ఆ రేజరుకి మార్చుకునే తల ఒక్కటే రెండొందల పైమాట. నెల తిరక్కుండానే చెత్తబుట్టలో పడుతుంది. అదేమంటే పదును పోయిందంటాడు. పదును ఊరికే పోలేదు నాయనా, తడి కూడా కొంత తినేసింది. గీసుకున్నాక దాన్ని అలాగే కుళాయి పక్కన నీళ్ళలో పడేసి పోతే ఏ ఉక్కు మాత్రం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మా రోజుల్లో, తెనాలి దగ్గర మా ఊళ్ళో, గడ్డానికి డబ్బు చేతులు మారేదే కాదు. క్షురకుడు పొద్దున్నే పొది చంకన పెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చేవాడు. ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసుకుని, గడ్డం నానేదాకా వేళ్ళతో రుద్దుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఆ కబుర్లు అయ్యేసరికి వెంట్రుక మెత్తబడేది. అప్పుడు కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ నాలుగు తిప్పులు తిప్పి మొదలుపెట్టేవాడు. పంట ఇంటికొచ్చాక కల్లంలో అతని వాటా గింజలు కొలిచేవాళ్ళు. అది అతనికి ఎంత గిట్టుబాటో మాత్రం ఊళ్ళో ఎవరూ అడిగినట్టు గుర్తులేదు.

నాననిదే కత్తి పెట్టకూడదని అతనికి ఎవరూ చదువు చెప్పలేదు. 2020లో అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు బ్లేడు సంగతి తవ్వి సైన్స్ పత్రికలో రాశారు. వెంట్రుక ఉక్కుకన్నా యాభై రెట్లు మెత్తన, అయినా బ్లేడు ఎందుకు పాడవుతుందని వాళ్ళ సందేహం. మైక్రోస్కోపు కింద పెట్టి గీస్తూ చూశారు. అంచు అరిగి మొద్దుబారడం కాదు, సన్నటి పెచ్చులు లేచిపోతున్నాయని తేలింది. వెంట్రుక వంగి అంచు మీదికి ఒరిగినప్పుడు, ఉక్కు కాస్త బలహీనంగా ఉన్న చోట పెచ్చు ఊడుతుందట. ఎండు గడ్డం మీద హడావుడిగా బరబరా గీకేవాళ్ళని చూస్తే నాకిప్పుడు ఆ పెచ్చులే గుర్తొస్తాయి.

కిళ్ళీకొట్లో విడి బ్లేడు అమ్మే కాలం మాది. భారత్, పనామా, టోపాజ్, సెవెనోక్లాక్ అని పేర్లు. నూనె కాగితంలో చుట్టి పైన రంగుకాగితం ఉండేది. జిలెట్ ప్యాకెట్టు మీద ఓ మీసాలాయన బొమ్మ ఉండేది. గడ్డం గీసే వస్తువు మీద మీసాలాయనేమిటని నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. ఆయనే కింగ్ క్యాంప్ జిలెట్. 1903లో అమ్మకం మొదలుపెడితే ఏడాది మొత్తమ్మీద అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేళ్ళు. వాడి పారేసే బ్లేడు అమ్మాలన్న ఆలోచన ఆయనదే. వింతేమిటంటే, అంతకు ముందు 1894లో పోటీ వ్యాపారమే లోకంలోని చెడుగులకు మూలమని ఆయన ఓ పుస్తకం రాశాడు. తరవాత ఆయన పేరుతో కంపెనీ చేసిన పోటీ చూడండి: 1971లో రెండు బ్లేళ్ళు, 1998లో మూడు, 2006లో అయిదు. ఈ లెక్కన మా మునిమనవడి కాలానికి రేజరు తలకి ఇంకో మొహం కావాలి.

అప్పటి బ్లేళ్ళు కార్బన్ ఉక్కువి. వానాకాలం ఒక్క రాత్రి తడిగా ఉంచితే పొద్దున్నకి అంచున తుప్పు చుక్కలు కనబడేవి. అందుకే మా నాన్నగారు గీసుకోవడం అవగానే రేజరు మర విప్పి, బ్లేడు కడిగి, విదిలించి, తుండుతో అద్ది (రుద్దకూడదు, అంచు పోతుంది, వేలూ పోతుంది) కాస్త కొబ్బరినూనె చుక్క రాసి, వచ్చిన కాగితంలోనే మడిచి బీరువాలో పెట్టేవారు. స్నానాలగదిలో కాదు, బీరువాలో! కొన్ని బ్లేళ్ళ మూలల్లో 1, 2, 3, 4 అని అంకెలు ఉండేవి. ఈ రోజు ఏ వైపు వాడామో మర్చిపోకుండా. రెండు వైపులా సమానంగా వాడాలి మరి. ముందు చెంపలు, చివర్న మీసం చుట్టూ, గడ్డం కొస. ఆ చోట వెంట్రుక మొండిది, దానికి ఎక్కువసేపు నానే వ్యవధి ఇవ్వాలి. 1960లలో ఇంగ్లండులో విల్కిన్సన్ వాళ్ళు స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చాక ఈ బాధ సగం తీరింది. కానీ నాన్నగారు నూనె చుక్క మానలేదు.

పదును తిరిగి తెప్పించే విద్యలూ ఉండేవి. గాజుగ్లాసు లోపలి గోడకి బ్లేడుని వేళ్ళతో అదిమి అటూ ఇటూ రాయడం అందులో పేరెన్నికగన్నది. పాత కార్బన్ బ్లేడుకి అది కొంత పనిచేసేది, ఇప్పటివాటికి నున్నటి పూత ఉంటుంది కాబట్టి రాస్తే ముందు ఆ పూతే పోతుంది. ఇంకా పెద్ద విద్య ప్రేగ్ నగరంలో ఉంది. కారెల్ దర్బాల్ అనే ఇంజినీరు, అట్టపిరమిడ్ కింద బ్లేడు పెడితే పదును నిలుస్తుందని చెప్పి 1959లో పేటెంటే సంపాదించాడు! మన దగ్గర పిరమిడ్ల కింద మనుషుల్ని ధ్యానానికి కూర్చోబెట్టడం తరవాతి సంగతి. నా మటుకు నాకు కొబ్బరినూనె మీదే నమ్మకం.

అసలు పొదుపంతా పంచాంగంలో ఉండేది. మంగళవారం వద్దు, శుక్రవారం వద్దు, శనివారం వద్దు. అమావాస్య వద్దు, జన్మనక్షత్రం వద్దు. భార్య నీళ్ళోసుకుంటే కాన్పయ్యేదాకా గడ్డం ముట్టనివాళ్ళు ఉండేవాళ్ళు. మాల వేసుకుంటే మండలంపాటు సెలవు. ఇవన్నీ తీసేస్తే బ్లేడుకి నెలలో పని ఎన్ని రోజులు? పోనీ వెంట్రుకకీ సెలవుండేదా అంటే ఉండేది కాదనుకోండి, బుధవారం నాటికి చెంపలు వరికోత అయిన చేలలా గుచ్చుకునేవి.

ఇక పదును పోయిన బ్లేడుకి రెండో ఉద్యోగం. పిల్లల పెన్సిళ్ళు చెక్కడం, అమ్మ కుట్లు విప్పుకోవడం, గోళ్ళు తీసుకోవడం. వాల్తేరు హాస్టల్లో కుర్రాళ్ళు రెండు బ్లేళ్ళ మధ్య అగ్గిపుల్లలు పెట్టి, దారంతో కట్టి, తీగలు తగిలించి నీళ్ళు కాచుకునేవాళ్ళు. వార్డెను తలుపు తడితే ఆ యంత్రం కిటికీలోంచి వెళ్ళిపోయేది. ప్రాణాంతకం. ఎవరూ చెయ్యకండి.

కంపెనీల్ని ఊరికే తిట్టకూడదు. జిలెట్ వాళ్ళు మన దేశం కోసం ఓ రేజరు తయారుచేసి అమెరికాలో చదువుకునే మన కుర్రాళ్ళ చేత వాడించి చూస్తే బాగుందన్నారట. తీరా ఇక్కడికొస్తే ఇరుక్కున్న వెంట్రుకలు పోలేదు. చెంబుడు నీళ్ళతో గీసుకునే మనిషికి, కుళాయి విప్పి గీసుకునే మనిషికి తేడా ఉంది కదా. అప్పుడు బుద్ధిగా 2010లో ఒకే బ్లేడున్న గార్డ్ తెచ్చారు. అప్పట్లో రేజరు 15 రూపాయలు, మార్చే తల 5 రూపాయలు. ఒక్క బ్లేడు చాలని వాళ్ళకీ తెలుసన్నమాట! కానీ మా వాడికి అది ఆనదు.

ఇప్పుడు కుర్రాళ్ళు గడ్డాలు పెంచుతున్నారు. సంతోషించాను, ఖర్చు తగ్గుతుందని. తగ్గలేదు. దానికో నూనె, దానికో దువ్వెన, కత్తిరించడానికో కరెంటు మిషను, నెలకోసారి సెలూన్లో దాన్ని చెక్కించడం. పెంచుకోవడానికి కూడా డబ్బు కట్టే తరం ఇది.

పోయిన పండక్కి వచ్చినప్పుడు మనవడు కొత్త రేజరు చూపించాడు. ఆన్‌లైన్లో మూడు వేలు పెట్టి తెప్పించాడట. అచ్చం మర విప్పి రెండు వైపులా పదునున్న బ్లేడు పెట్టేదే! "ఇదే ఇప్పుడు ఫ్యాషన్ తాతయ్యా, బ్లేడు అయిదు రూపాయలు కూడా కాదు" అని నాకే పాఠం చెప్పాడు. అటక మీద ట్రంకుపెట్టెలో అలాంటివి రెండున్నాయిరా, ఒక్క మాట అడిగుంటే ఇచ్చేవాణ్ణిగా అన్నాను. "అవి పాతవి కదా" అన్నాడు.