ఆలుమగలకు ఒక గడి కావలెను

మహారాజశ్రీ ఆస్ట్రేలియా హోం వ్యవహారాల శాఖలో వలస పాయింట్ల పట్టికకూ, ఆగమన పత్రానికీ సంరక్షకులైన అధికారి గారికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి తమ దేశానికి కాపురం మార్చుకుంటున్న దంపతుల పక్షాన సవినయంగా విన్నవించునది:

కట్నకానుకల పట్టీలను మినహాయిస్తే, పెళ్లికి అంకెల్లో విలువ కట్టిన పత్రాలు లోకంలో అరుదు. ఆ లోటును తమ శాఖ 2019 నవంబరు నుంచి అమలు చేస్తున్న పట్టిక చాలావరకు పూడ్చింది. నైపుణ్య వలస వీసాలలో 189 అనే సంఖ్యతో పిలిచే రకం ఒకటుంది; ఉద్యోగమిస్తామని ఏ యజమానీ ముందుకు రాకపోయినా, ఏ రాష్ట్ర ప్రభుత్వమూ పేరు ప్రతిపాదించకపోయినా, వయసు, చదువు, అనుభవం, ఇంగ్లీషు వంటి అర్హతలకు వచ్చిన పాయింట్ల బలంతోనే శాశ్వత నివాసం ఇచ్చే వీసా అది. 65 పాయింట్లు లేనిదే దరఖాస్తు చేసుకొమ్మనే పిలుపుకు అర్హత రాదు, 65 వచ్చినంత మాత్రాన పిలుపు వస్తుందన్న భరోసా లేదు. కనుక ప్రతి ఐదు పాయింట్లకూ పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఆ పట్టిక ప్రకారం అవివాహితులకు 10 పాయింట్లు దక్కుతాయి. వివాహితుల విషయంలో, భాగస్వామి కూడా 45 ఏళ్ల లోపు వయసులో ఉండి, తగిన వృత్తిలో నైపుణ్య మదింపు పూర్తిచేసి, ఇంగ్లీషు పరీక్షలో నిర్ణీత స్థాయిని చూపితే అవే 10, ఇంగ్లీషు ఒక్కటే చూపగలిగితే 5, అదీ చూపలేకపోతే సున్నా. (భాగస్వామి అప్పటికే ఆస్ట్రేలియా పౌరులో శాశ్వత నివాసులో అయితే పదీ దక్కుతాయి గాని, అటువంటి సంబంధం కుదిరినవారు 189 కోసం పడిగాపులు కాయడం అరుదు.) ఎంత కూడినా, ఎంత తీసినా పెళ్లి వల్ల ఒక్క పాయింటైనా పెరిగే దారి ఇందులో కనిపించదు, ఉత్తమోత్తమమైన దాంపత్యానికి దక్కే గరిష్ఠ ఫలం, పెళ్లి కానివారితో సమానంగా లెక్కలోకి రావడమే. సంసారాన్ని బంధనమని చెప్పిన మన వేదాంతులు సైతం దాని నష్టాన్ని ఇంత కచ్చితంగా ఐదు, పది అని తేల్చి చెప్పలేదు.

దీని పక్కనే మరో విశేషముంది. తెలుగులో ఒకరు, ఇంగ్లీషులో మరొకరు మాట్లాడుకునే సంభాషణను అప్పటికప్పుడు అటూ ఇటూ నోటితో అనువదించే పరీక్షను, దుబాసీలకు గుర్తింపునిచ్చే నాటీ అనే సంస్థ నిర్వహిస్తుంది. సీసీఎల్‌గా పేరుపడిన ఆ పరీక్షలో గట్టెక్కిన దరఖాస్తుదారుకు 5 పాయింట్లు కలుస్తాయి. రాత్రి భోజనాలయ్యాక ఒకరు ఇల్లు అద్దెకిచ్చే ఏజెంటుగా ఇంగ్లీషులోనూ, మళ్లీ వారే అద్దెకు దిగే పెద్దాయనగా తెలుగులోనూ మాట్లాడుతూ పోతే, మధ్యలో రెండోవారు దుబాసీగా తడబడుతూ సాధన చేయడం ఈ పరీక్షకు కూర్చునే ఇళ్లలో జరిగేదే. ఆ రెండు వేషాలూ ఓపికగా వేసి, తప్పులు దిద్ది, పరీక్ష గట్టెక్కించిన భాగస్వామికి మాత్రం పట్టికలో సున్నాయే మిగలవచ్చు. తెలుగు రావడం లాభమూ, తెలుగు మాట్లాడే తోడుండడం నష్టమూ అయ్యే ఈ లెక్కను మరొక్కసారి సరిచూడవలసిందిగా మనవి.

భాగస్వామి ఇంగ్లీషు విషయంలోనూ తమ శాఖ రెండు కొలతలు వాడుతుంది. భాగస్వామికి రోజువారీ అవసరాలకు సరిపడే ఇంగ్లీషు వచ్చని చూపకపోతే వేల డాలర్ల అదనపు రుసుము కట్టాలి. ఆ మేరకు రుజువుగా, డిగ్రీ ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివినట్లు కాలేజీ వారు లెటర్‌హెడ్ మీద ఇచ్చే ధ్రువపత్రం పనికివస్తుంది, కాబట్టి పదేళ్ల కిందట విడిచిన కాలేజీకి వెళ్లి, కొత్తగా వచ్చిన గుమాస్తాకు పాత హాల్‌టికెట్ చూపించి ముద్ర వేయించుకోవడం ఈ వలస ప్రస్థానంలో ఒక మామూలు మజిలీ. అదే మనిషి, అదే ఇంగ్లీషు, పాయింట్ల గడి దగ్గరికి వచ్చేసరికి ఆ ధ్రువపత్రంతో చెల్లదు, ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ ఆరేసి రావాలి. భాషతో గుమ్మం కాయడం తమ దేశానికి కొత్త కాదని చరిత్ర చదివినవారికి తెలుసు: 1901 నాటి వలస నియంత్రణ చట్టం కింద, అధికారి తనకు తోచిన ఏ ఐరోపా భాషలోనైనా 50 మాటలు చెప్పి రాయించే డిక్టేషన్ పరీక్ష ఉండేది, అది రావడం కోసం కాక పోవడం కోసమే పెట్టిన పరీక్ష, 1958లో గాని రద్దు కాలేదు. నేటి పరీక్షకు సిలబస్ ఉంది, మళ్లీ రాసే వీలుంది, ఏ భాషలో అడుగుతారో ముందే తెలుసు. ఈ పురోగతిని గుర్తించకపోవడం కృతఘ్నత అవుతుంది.

మరొక మేలునూ ఒప్పుకోవాలి. సాధారణంగా పాయింట్లు ఎవరికి ఎక్కువ వస్తే వారు ప్రధాన దరఖాస్తుదారు, రెండోవారు ద్వితీయ దరఖాస్తుదారు. భార్య నర్సో ఉపాధ్యాయినో అయి, భర్తది పిలుపులు అంతగా రాని వృత్తి అయిన ఇళ్లలో, శుభలేఖ మీద వరుడి తర్వాత అచ్చయిన పేరు వీసా కాగితంలో ముందుకు వస్తుంది. "వీసా మా కోడలి మీద వచ్చింది" అని అత్తగారు నలుగురిలో చెప్పుకోవలసి రావడం, ఏ సంస్కరణోద్యమమూ ఇంత తక్కువ కాగితాలతో సాధించని ఫలితం.

ఇక ప్రయాణంలోని మజిలీ సంగతి. వీసా వచ్చాక ఫలానా తేదీలోగా తొలిసారి దేశంలో అడుగు పెట్టాలని ఒక గడువు ఉంటుంది, దాన్ని సాధారణంగా వైద్య పరీక్షల, పోలీసు ధ్రువపత్రాల తేదీలను బట్టి నిర్ణయిస్తారు. ఆ గడువులోపు ఇల్లు ఖాళీ చేసి, బండి అమ్మి, ఫ్రిజ్ చుట్టాలకిచ్చి, రెండు వైపుల బంధువుల ఇళ్లలో వీడ్కోలు భోజనాలు చేసి శంషాబాద్ విమానాశ్రయం చేరే దంపతులలో చాలామంది సింగపూర్ మీదుగా వెళ్తూ అక్కడ రెండు మూడు రోజులు ఆగుతారు. టికెట్ల పరిభాషలో మధ్య ఊరిలో 24 గంటల లోపు ఆగితే అది విమానం మారడం, 24 దాటితే స్టాపోవర్, అంటే విరామం. సింగపూర్‌కు భారతీయులు మామూలుగా వీసా తీసుకోవాలి. అయితే ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉండి మూడో దేశానికి పోతున్నవారిని, షరతులకు లోబడి, 96 గంటల వరకు వీసా లేకుండానే రానిస్తారు. దంపతులను విడివిడిగా తూచిన శాఖ ఇచ్చిన వీసాయే, ఆ శాఖకు తెలియకుండా, ఇద్దరికీ నాలుగు రోజుల విహారాన్ని కానుకగా ఇవ్వడం ఇందులోని చమత్కారం. శుభలేఖకూ అద్దె ఒప్పందానికీ నడుమ, అత్తవారికీ యజమానికీ కాక తమకే చెందిన రోజులు ఈ జంటలకు ఇవే కావడం వల్ల, దీన్ని దుబారాగా లెక్కకట్టే బంధువుల మాట చెల్లదు.

విహారం పేరుకే విహారం. విరామం 24 గంటలు దాటితే సామాను సాధారణంగా గమ్యం దాకా నేరుగా పోదు, కనుక కుక్కరు, మిక్సీ, పెళ్లి ఆల్బం, దుప్పట్లు కుక్కిన పెట్టెలన్నీ చాంగీ విమానాశ్రయంలో బెల్టు మీద నుంచి మళ్లీ చేతికొస్తాయి. సింగపూర్ ఆగమన పత్రంలో ప్రయాణ ప్రయోజనం దగ్గర సెలవు విహారమని నింపినవారి తోపుడుబండి మీద ఒక సంసారం మొత్తం పేర్చి ఉంటుంది. ఆ విమానాశ్రయంలోనే 2019లో తెరిచిన జ్యువెల్ భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి కురిసే జలపాతం ముందు ఒకరు నిలబడితే మరొకరు ఫొటో తీయాలి, తర్వాత పెట్టెల కాపలా మారి రెండోవారు నిలబడాలి. ఈ విధంగా విహారమంతటికీ ఫొటోలు పుష్కలంగా ఉన్నా, ఇద్దరూ కలిసి ఉన్నది ఒక్కటీ దొరకదు. తమ 1994 వలస నిబంధనలు దాంపత్యం నిజమా కాదా అని తేల్చడానికి ఆర్థిక వ్యవహారాలు, కాపురం తీరు, లోకంలో కలిసి మెలగడం, పరస్పర నిబద్ధత అనే నాలుగు అంశాలను పేర్కొన్నాయి కాబట్టి, ఒకరు లేని ప్రతి ఫొటోలోనూ తీసినవారు రెండోవారేనని గ్రహించవలసిందిగా ప్రత్యేక ప్రార్థన.

సింగపూర్ నుంచి మెల్‌బోర్న్ విమానంలో తమ ఆగమన పత్రాలు చేతికొస్తాయి, మనిషికొకటి. ఏ దేశంలో విమానం ఎక్కారన్న ప్రశ్నకు సింగపూర్ అని రాయాలి, హైదరాబాదుకు చోటు లేదు. ఆపైన శాశ్వతంగా వలస వచ్చేవారికి ఏ, సందర్శకులకూ తాత్కాలికంగా వచ్చేవారికీ బీ, తిరిగి వచ్చే నివాసులకు సీ అని మూడు గడులున్నాయి, ఒక్కదానిలోనే గుర్తు పెట్టాలి. ఆహార పదార్థాలేవైనా తెస్తున్నారా అన్నది ఆ పత్రంలో అన్నిటికన్నా చిక్కు ప్రశ్న, ఎందుకంటే ఆవకాయ సీసా భర్త పెట్టెలో ఉన్నా అది భార్య పుట్టింటిది, ఎవరు అవుననాలి? తనిఖీ మీద ఇక్కడ ఫిర్యాదేమీ లేదు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, ఆ తెగులు లేని దేశం పచ్చి రెబ్బలను ఆపడం న్యాయమే. కానీ ఆవకాయ ఉమ్మడి ఆస్తి. అమెరికా కస్టమ్స్ పత్రాన్ని చాలాకాలం పాటు కలిసి వచ్చిన కుటుంబానికి ఒక్కటే నింపితే సరిపోయిందన్న సంగతి తమకు తెలియనిది కాదు.

కావున, కలిసి వచ్చే ఆలుమగలు ఉమ్మడిగా ఒకే పత్రం నింపే వీలు కల్పించాలనీ, అందులో ఏ, బీ, సీల తర్వాత డీ అనే గడి పెట్టి దారిలో విహారం ముగించుకుని కాపురానికి వస్తున్నవారికి కేటాయించాలనీ, పట్టిక తదుపరి సవరణలో ద్వితీయ దరఖాస్తుదారుకు, సీసీఎల్ సాధనలో రెండు వేషాలు వేసినందుకైనా, ఒక్క పాయింటు ఇప్పించాలనీ ప్రార్థన. తొలి ప్రవేశపు గడువు దాటకముందే జవాబు దయచేయగలరు.

ఇట్లు,
తమ విధేయులు,
ప్రధాన, ద్వితీయ దరఖాస్తుదారుల పక్షాన.

జత: సింగపూర్ హోటలు రసీదు ఒకటి. గది ఇద్దరిదే అయినా రసీదు ప్రధాన దరఖాస్తుదారు పేరుతోనే ఉన్నది.