టక్కుమని ఊరుకునే జీపు

బండి అసలే స్టార్ట్ కాకపోతే అది రిపేరు. అప్పుడప్పుడు మాత్రమే కాకపోతే ఊరందరికీ కాలక్షేపం. మా డీజిల్ జీపు బోరంచకు ఆ రెండో సేవ చేసింది.

నల్లపోచమ్మ గుడి దగ్గర, మొక్కులకొచ్చిన జనం మధ్య తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క చప్పుడు. అంతే. చుట్టూ నిపుణులు చేరారు. “బ్యాటరీ డౌనైందన్నా” అన్నాడొకడు. “లైట్లు మంచిగ వెలుగుతున్నయ్ గదా, సెల్ఫు మోటరు పోయింది” అన్నాడింకొకడు. “అమ్మకు మొక్కకుండ బయల్దేరితే గిట్లనే అయితది” అని మా చిన్నమ్మ తేల్చేసింది. నెట్టడానికి మాత్రం ఏ అభిప్రాయమూ లేని పిల్లలే మిగిలారు. నెట్టగానే స్టార్టయింది. అంటే ఇంజన్ మంచిదే, తగువంతా బ్యాటరీకీ సెల్ఫుకీ మధ్యే.

నారాయణఖేడ్ తీసుకెళ్తే, మెకానిక్ ముందు అత్తారింట్లో కొత్తల్లుడంత బుద్ధిగా మోగింది. “మంచిగనే ఉన్నది గదా సార్” అంటూ అతను జీపును కాదు, నన్ను పరీక్షగా చూశాడు. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫు వచ్చి, చేతులు విరగ్గొట్టే హ్యాండిలు బాధ తప్పింది. హ్యాండిలు కనీసం మనిషిని చూసి నాటకాలాడేది కాదు.

“మళ్ల మొరాయిస్తే నెట్టకుండ్రి, ఫోన్ చెయ్యండ్రి” అన్నాడు మెకానిక్. చేశాం. మీటరుతో వచ్చాడు. బ్యాటరీ 12.6 వోల్టులు. తాళం తిప్పితే ‘టక్’, అయినా 12కు తగ్గలేదు. బ్యాటరీ బలహీనమైతే ఆ క్షణంలో కూలబడాలి. ఒక తీగ ఇంజన్ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి మళ్లీ తిప్పమన్నాడు. అర వోల్టు దాటకూడని చోట ఎనిమిది!

ఇంజన్‌నూ ఛాసిస్‌నూ కలిపే ఎర్తు పట్టీ బోల్టు కింద తుప్పు. లైట్లకు పది, పదిహేను ఆంపియర్లు చాలు, పైగా వాటి ఎర్తు వేరే దారి. సెల్ఫు వందకు పైగా అడుగుతుంది. గతుకుల్లో బోల్టు కాస్త కదిలి అతుక్కుంటే స్టార్ట్, లేకపోతే టక్. “కరెంటు పొయ్యే తొవ్వ అందరు జూస్తరు, వాపస్ వచ్చే తొవ్వ ఎవ్వరు జూడరు” అంటూ బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించాడు.

జనానికి ఇది నచ్చలేదు. ఇంత గొడవకు ఒక్క బోల్టా? కొత్త సామాను ఏదీ వెయ్యకపోతే అది రిపేరెట్లయితదని గుసగుసలు. బ్యాటరీ పక్షం వాడు మాత్రం తగ్గలేదు: “ఇప్పటికైతే మంచిగైంది గని, ఎప్పటికైనా బ్యాటరీ మార్సుడేనన్నా.”

కాదనడానికి ఏముంది? ఎప్పటికీ మార్చక్కర్లేని బ్యాటరీ ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.