ఆఖరి వరుస

కట్నం అనే మాట ఎవరి నోటా రాలేదు. 1961 నుంచీ ఆ మాటకు చట్టం అడ్డముంది కాబట్టి మర్యాదస్తులెవరూ దాని జోలికి పోరు. "మాకేమీ వద్దండీ. హోసూరులో కాపురం, పిల్ల ఎండకూ వానకూ బస్సుల్లో తిరగలేదు, ఒక కారుంటే మేలు. ఆపైన మీ ఇష్టం" అన్నాడు వియ్యంకుడు. ఆ ఇష్టం ఖరీదు ఎంతవుతుందో గురుబరపల్లి పెద్దాయనకు అక్కడికక్కడే లెక్క తేలిపోయింది.

ఆయనకు ఇంజన్లు కొత్త కాదు. 1980లో అశోక్ లేలండ్ హోసూరులో లారీల ఫ్యాక్టరీ పెట్టినాక ఈ వైపు పల్లెల్లో చాలామంది పిల్లోళ్లు సేద్యం వదిలి బస్సెక్కారు. వాళ్లలో ఈయనొకడు. రిటైరయ్యేదాకా లారీ ఇంజన్లు బిగించాడు. సొంతానికి మాత్రం తోటకు పోవాలంటే టీవీఎస్ మోపెడ్, హైవే ఎక్కాలంటే బస్సు. కారు కొనాలన్న ఆలోచన ఆయనకు వచ్చిందో లేదో ఎవరూ అడగలేదు. పీఎఫ్ సొమ్ములో మిగిలింది, గుజ్జు ఫ్యాక్టరీలకు తోలిన బెంగుళూరా మామిడి రెండు కాపుల డబ్బు కలిపి అల్లుడికి బండి కొన్నాడు.

అల్లుడికి డీజిల్ బండి మీద మనసు. "మామా, డీజిల్ అయితే లాగుడు బాగుంటాది" అన్నాడు. పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు. "రోజుకు పది కిలోమీటర్లు ఆఫీసుకు పొయ్యి వచ్చే బండికి డీజిల్ ఎందుకు నాయినా? 2020లో బీఎస్-6 వచ్చినాక డీజిల్ బండికి పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరు పెట్టినారు. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలేది. ఊళ్లోనే తిప్పుతా ఉంటే పూడుకుంటాది." అల్లుడికి ఆ మాట సగమే ఎక్కింది గానీ, పెట్రోలు బండి ధర తక్కువని తెలిశాక మిగిలిన డబ్బు సామాన్లకు వస్తుందని ఒప్పుకున్నాడు. పెద్దాయన తన డబ్బు మిగిలిందనుకున్నాడు.

బండి ఇంటికొచ్చిన వారానికి ఫోనొచ్చింది. "మామా, మీరొస్తే మేలు. దుకాణం వాళ్లు మోసం చేస్తారు, మీకైతే అన్నీ తెలుసు." పెద్దాయన పొంగిపోయి శూలగిరి మీదుగా బస్సులో హోసూరు చేరుకున్నాడు. అల్లుడు, కూతురు అప్పటికే దుకాణం ముందున్నారు.

అక్కడ ఆయన విద్య చూడాలి. దుకాణం ఆసామి బండి ముందర బిగించే ఇనుప గార్డు తెస్తే, "2017లోనే కేంద్రం వద్దన్నది ఇది. దెబ్బ తగిలితే బంపరు నలిగి ఆ దెబ్బను తాను తీసుకోవాల. ఇది అడ్డముంటే దెబ్బంతా నేరుగా చాసిసుకు పోతుంది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకునే వేళ కూడా తప్పుతుంది. లోపల తీసి పెట్టప్పా" అన్నాడు. నల్ల ఫిల్ము చుట్ట తెరిస్తే, "సుప్రీంకోర్టు 2012లో చెప్పిన మాట నువ్వు వినలేదా?" అన్నాడు. అల్లుడు వంద వాట్ల బల్బులు కావాలన్నాడు. కంపెనీ ఇచ్చేవి అరవై, యాభై అయిదు వాట్లవి. ఆ తీగ, ఆ హోల్డరు వాటికి సరిపోయేటట్టు పెట్టి ఉంటారు. వంద వాట్లు పెడితే హోల్డరు ప్లాస్టిక్ కరుగుతుంది, ఎదురుగా వచ్చేవాడికి కళ్లు పోతాయి, తీగ కోసి జోడిస్తే వారంటీ పోతుంది. పెద్దాయన మూడు కారణాలూ చెప్పి ఆ బల్బులు ఆపించాడు.

సీటు కవర్ల దగ్గర మాత్రం గంట పట్టింది. అల్లుడికి నచ్చింది ఎర్ర కుట్టున్న నల్లది. పెద్దాయన దాన్ని తీసుకోకుండా ముందు సీటు పక్క కుట్టులో వేళ్లు పెట్టి తడిమాడు. ఆ బండికి సీటు పక్క నుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ ఉంది. మామూలు కవరు బిగించి తొడిగితే అది లోపలే ఇరుక్కుంటుంది. ఆ పక్కన కుట్టు సులువుగా విడిపోయేటట్టు కుట్టిన కవర్లు వేరే ఉంటాయి, వెల ఎక్కువ. దుకాణం ఆసామి అటక మీది నుంచి దించాడు. "కూతురు కూర్చునేది ఈ పక్కే" అంటూ ఆ ఎక్కువ వెలకే పెద్దాయన తలూపాడు.

తరువాతివన్నీ చకచకా అయిపోయాయి. కాళ్ల కింద మ్యాట్లు, వెనక్కి పోయేటప్పుడు చూసే కెమెరా, మడ్‌ఫ్లాపులు, డ్యాష్‌బోర్డు మీద తిరుపతి వెంకన్న. ఇంజను ఆయిలు పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే దానికి మార్చాలని అల్లుడికి చెప్తూ బిల్లు డబ్బులు లెక్కపెట్టాడు. అల్లుడు ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టాడు.

అంతలో కూతురు దుకాణం కుర్రాడి దగ్గరికి పోయి మెల్లగా ఏదో చెప్పి, చీటీ ఒకటి చేతిలో పెట్టింది. వాడు లోపల మిషనులో రేడియం అక్షరాలు కోసుకొచ్చాడు. తెలుగు, తమిళం, కన్నడం, హోసూరులో ఏ లిపి అడిగినా కోసిస్తారు. వెనక అద్దం తుడిచి, సబ్బునీళ్లు చల్లి, ప్లాస్టిక్ బద్దతో బుడగలను అంచులకు తోసి, పైకాగితం ఒలిచాడు.

'మా నాయన కానుక.'

పెద్దాయన దగ్గరికి పోయి చదివాడు. కొంచెం వెనక్కి జరిగి మళ్లీ చదివాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆ బండి ఎవరు కొన్నారన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా ఏమీ కాదని భార్యతో ఎన్నోసార్లు అన్నాడు కూడా. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

"ఇవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు పైకి.

కూతురు వినిపించుకోలేదు. కుర్రాడి చేతిలోని రెండో ముక్క మీదే ఆమె కళ్లు. "అన్నా, ఇంటిపేరు ఒకసారి సరిచూసి అతికించు. గుణింతం తప్పిందంటే మా మామ ఊరుకోడు" అంది.

ఆ ముక్క మొదటి దాని కిందికొచ్చింది. వియ్యంకుడి పేరు, ఇంటిపేరుతో సహా. ఆ పేరు వెనకాలే, ఊళ్లో ఆయనకున్న పెద్దమనిషి హోదా కూడా.

అల్లుడు ఫోను జేబులో వేసుకుని, అద్దం ముందు నిలబడి మురిసిపోయాడు. ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. "మామా, స్టిక్కరు కూడా బిల్లులో వేసినాడా లేదా చూడండి. మళ్లీ మళ్లీ లెక్కలొద్దు."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని బిల్లులో ఆఖరి వరుస దాకా వేలు జరిపాడు.

"వేసినాడు నాయినా. అక్షరానికింత అని లెక్క. మీ నాయన పేరు కొంచెం పొడుగు."