హాస్టల్ దెయ్యం

నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో 2015 జులై 14న చనిపోయిన ఆర్కిటెక్చర్ విద్యార్థిని ర్యాగింగ్ కేసులో నేరం రుజువు కాలేదట. తొమ్మిదేళ్ల తర్వాత గుంటూరు కోర్టు కేసు కొట్టేసింది. సాక్ష్యం నిలబడకపోతే కోర్టు మాత్రం ఏం చేస్తుంది? మనుషులెవరూ చేయలేదని తేలిపోయాక ఇక మిగిలింది దెయ్యమే.

మా మామిడికుదురు మామ్మలు ఈ సంగతి ఎప్పుడో పసిగట్టారు. దసరా సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన కుర్రాడు పనసపొట్టు కూర ముట్టడు. అర్ధరాత్రి ఫోన్ మోగితే మంచం దిగి నిటారుగా నిలబడి "సార్, సార్" అంటాడు. ఎవరు పలకరించినా చూపు చొక్కా మూడో గుండీ మీదే. "గాలి సోకిందిరా అబ్బాయికి" అని ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో పడేస్తారు. అప్పనపల్లి బాలబాలాజీకి మొక్కుకుంటారు.

లక్షణాలన్నీ దెయ్యానివే మరి. వార్డెన్ గారు నిద్రపోయాకే వస్తుంది. మొదటి ఏడాది పిల్లల్నే పడుతుంది. సీసీ కెమెరాకి చిక్కదు. పట్టినవాడి చేత తన రికార్డు పుస్తకాలు రాయించుకుని ల్యాబ్ పరీక్షలు కూడా పాసవుతుంది. ప్రిన్సిపాల్ గారిని అడిగితే "అబ్బే, మా కాలేజీలో అలాంటివేం లేవండీ, పరిచయాలంతే" అంటారు.

కాబట్టి యాంటీ ర్యాగింగ్ కమిటీల్ని తీసేసి భూతవైద్యుల్ని వేయండి. ర్యాగింగ్ చేయనని తండ్రీ కొడుకూ ఏటా ఇచ్చే అఫిడవిట్‌ని చుట్టి తాయెత్తులో కట్టండి. ఇప్పుడైనా అది అంతకు మించి పనికొస్తోందా? గోడమీద ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు 1800-180-5522 అని రాసున్న చోట పసుపూ కుంకుమా పెట్టండి. అదేదో యంత్రం అనుకుని పిల్లలు దండం పెట్టుకుంటారు.

ఇక చాలు. హాస్టల్లో దెయ్యాల్లేవు. కొట్టేవాడికి పేరుంది, రూం నంబరుంది, హాజరుపట్టీలో రోల్ నంబరుంది. 1997లోనే మన రాష్ట్రం ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు, చావుకి కారణమైతే యావజ్జీవం దాకా. పిల్లాడు అన్నం మానేస్తే దిష్టి తీయడం కాదమ్మా, ఆ నంబరుకి ఫోన్ చెయ్యండి. ఫోన్ చేసినవాళ్లు తమ పేరు చెప్పక్కర్లేదు. ఫిర్యాదు వచ్చినా కదలని ప్రిన్సిపాల్‌ని నేరానికి తోడుపడినవాడిగానే లెక్కగట్టమని అదే చట్టం చెబుతోంది. ఇన్నేళ్లలో ఎంతమంది ప్రిన్సిపాళ్లని అలా బోనెక్కించారో, ఎవరైనా ఒక్క పేరు చెప్పండి.