నాకు తెలిసింది యూనిట్లే

నేను కరెంటు మీటరుని. ఏటికొప్పాకలో ఓ ఉమ్మడి ఇంటి అరుగు గోడకు బిగించి ఉంటాను. పక్క పాకలో బొమ్మలు చేసే తరిణి తిరుగుతుంటుంది. తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనించగానే రంగు పట్టుకోవడం, మొగలాకుతో రుద్దితే బొమ్మ నిగనిగలాడటం ఇక్కణ్ణుంచే చూస్తాను. ఆ మోటారుకు వేరే మీటరుంది. నా కింద ఉన్నవి ముగ్గురు అన్నదమ్ముల వాటాలు: మూడు వంటగదులు, మూడు ఫ్రిజ్‌లు, గదికో ఫ్యాను. సర్వీసు మాత్రం వాళ్ల అమ్మ పేరు మీదే ఉంది.

ఒకప్పుడు నా అంకె బిల్లుకే పనికొచ్చేది. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బియ్యం కార్డుకు కొత్త అర్హతలు పెట్టింది. పల్లెలో కుటుంబానికి నెల ఆదాయం 10,000 దాటకూడదు, మాగాణి 3 ఎకరాలు మించకూడదు, కారు ఉండకూడదు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఆధార్‌కు ముడిపడిన వివరాలు చూసి కంప్యూటరే అనర్హులని తేల్చేస్తుంది. వేరేవాళ్ల మీటరు తమ ఆధార్‌కు తగిలించారని రాష్ట్రంలో ఎందరో మొత్తుకున్నారు.

మా ముసలమ్మ కార్డు ఎండాకాలం వాడకంతో ఆగిపోయింది. ఆఫీసుకెళ్లి, "మూడు కాపురాలం బాబూ, మీటరొక్కటే" అని చెప్పుకుందట. "సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా, మా చేతుల్లో లేదు" అన్నారట. వేరే మీటర్లు పెట్టించుకోమని సలహా కూడా ఇచ్చారు. ఆ ఖర్చు ఆవిడ నెత్తినే. నేను తప్పు లెక్క చూపలేదు. ఆ యూనిట్లు ఎన్ని కాపురాలవో నన్నెవరూ అడగలేదు, అడిగినా చెప్పలేను. చెప్పగలిగిన మనిషి మాట వినలేదు. నా బాధంతా అదే.

తెలంగాణలోనూ ఇదే జరిగింది. 2016 నుంచి దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు కంప్యూటరు లెక్కలతో, నోటీసైనా లేకుండా రద్దయ్యాయి. ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త కోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమని ఆదేశించింది. అన్నేళ్లూ ఆ ఇళ్లు ఏం తిన్నాయో!

కార్డు ఆపేముందే ఏ సర్వీసు నంబరు, ఎన్ని యూనిట్లు, ఏ నెలవో కాగితం మీద ఇవ్వాలి. జవాబు చెప్పుకోవడానికి గడువివ్వాలి, అది తేలేదాకా బియ్యం ఆగకూడదు. ఇంటికొచ్చి వంటగదులు లెక్కపెట్టిన ఉద్యోగికి, కంప్యూటరు తేల్చినదాన్ని మార్చే అధికారం ఉండాలి.